బ్యాంకాక్‌లో మొదటి గంట

ఈ మధ్య మా ఆఫీసులో ఎవరైనా శుక్రవారం లీవు పెడితే "ఊరికా, బ్యాంకాక్‌కా?" అని అడుగుతున్నారు. హైదరాబాద్ నుంచి మూడున్నర గంటల ప్రయాణం. శంషాబాద్‌లో ఎక్కి ఒక కునుకు తీసేలోపు దిగిపోవడమే. కొత్త పాస్‌పోర్టు మీద మొదటి స్టాంపు థాయ్‌లాండ్‌దే అయినవాళ్ళు మన చుట్టుపక్కల బోలెడంతమంది కనిపిస్తున్నారు. కుర్రాళ్ళ గుంపులే కాదు, పెళ్ళిరోజుకి వెళ్ళే జంటలు, రిటైరయ్యాక మొదటిసారి విమానం ఎక్కే అమ్మానాన్నలు కూడా.

అక్కడ ఏం చూడాలి, ఏం తినాలి, ఎక్కడ బేరమాడాలి అనేవాటికి వీడియోలకి కొదవలేదు. నేను చెప్పబోయేది దానికి ముందు భాగం. విమానం నేల మీద ఆగిన దగ్గర్నుంచి హోటల్ మెట్లెక్కే దాకా ఉండే ఆ గంట, గంటన్నర సంగతి.

ఆ సమయంలో మన పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. ఇక్కణ్ణుంచి చాలా విమానాలు రాత్రి పూటే బయల్దేరతాయి కాబట్టి నిద్ర ఉండదు. ఫోన్‌లో నెట్ ఉండదు. జేబులో ఆ దేశం డబ్బు ఉండదు. చుట్టూ మాట్లాడే భాష రాదు. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో పిల్లాడు. అలాంటప్పుడు ఎవరైనా నవ్వుతూ వచ్చి "టాక్సీ సార్?" అంటే, ఆలోచించే ఓపిక లేక "సరే పద" అనేస్తాం. ఆ సంగతి మనకంటే అక్కడ నిలబడ్డవాళ్ళకే బాగా తెలుసు. అందుకని నేనైతే ఒకటే చెప్తాను. ఆ గంటలో తీసుకోవాల్సిన నిర్ణయాలు ఏవైతే ఉన్నాయో, అన్నీ ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ముందే తీసేసుకోండి. అక్కడ దిగాక అమలు చెయ్యడమే మిగలాలి. మా పనిలో కూడా అంతే. అర్ధరాత్రి రిలీజ్ పెట్టుకుని, సెట్టింగులు అప్పుడు చూసుకుందాంలే అనుకున్న టీముకి తెల్లారేదాకా జాగారమే.

మొదటి విషయం, టికెట్ మీద తేదీ. రాత్రి 12:20కి విమానం, 15వ తేదీ అని ఉంటే, మీరు ఎయిర్‌పోర్టుకి వెళ్ళాల్సింది 14వ తేదీ రాత్రి తొమ్మిదిలోపు. చదువుతుంటే ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. 15 రాత్రి సూట్‌కేసులతో శంషాబాద్ వెళ్ళి, విమానం నిన్ననే వెళ్ళిపోయిందని తెలుసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

రెండోది, మీరు దిగే ఎయిర్‌పోర్టు ఏది? బ్యాంకాక్‌కి రెండున్నాయి. పెద్దది, 2006లో తెరిచింది సువర్ణభూమి. టికెట్ మీద బీకేకే అని ఉంటుంది. పేరు చూసి మన ఊరి వెంచర్ అనుకునేరు, స్థానికులు మాత్రం 'సువన్నపూమ్' అంటారు. రెండోది పాతది, నగరానికి ఉత్తరాన ఉన్న డాన్ మువాంగ్. దాని కోడ్ డీఎంకే. తమిళనాడు పార్టీతో సంబంధం లేదు. చౌక టికెట్లు అమ్మే కొన్ని కంపెనీలు అక్కడే దించుతాయి. నేను రాసేది చాలావరకు సువర్ణభూమి గురించే. డాన్ మువాంగ్‌లో దిగేవాళ్ళు స్టేషన్‌కి నడిచి వెళ్ళి రెడ్ లైన్ రైలు అందుకోవచ్చు. అసలు చిక్కు ఫుకెట్‌కో క్రాబీకో ఇంకో విమానం పట్టుకునేవాళ్ళకి. ఒక దాంట్లో దిగి ఇంకో దాంట్లో ఎక్కాల్సి వస్తే, రెంటి మధ్యా నగరం ట్రాఫిక్ ఉంటుంది. టికెట్ చూపిస్తే ఎక్కించుకునే ఉచిత బస్సు ఉంది. కానీ మధ్యలో నాలుగైదు గంటలైనా లేకుండా అలాంటి టికెట్లు కొనకండి. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నట్టయితే, మొదటిది ఆలస్యమైనందుకు రెండో కంపెనీ జాలి పడదు.

ఇక కాగితాలు. వీసా లేకుండా వెళ్ళొచ్చని అందరూ చెప్తారు. 2023 నవంబర్‌లో మనవాళ్ళకి 30 రోజులు వీసా లేకుండా ఉండనిచ్చారు, 2024 జూలై నుంచి దాన్ని 60 రోజులు చేశారు. అంటే ఏడాది తిరక్కుండానే మారిందన్నమాట. అందుకే స్నేహితుడు పోయినేడు వెళ్ళొచ్చాడు కదా అని ఊరుకోకుండా, టికెట్ కొనే రోజున థాయ్ ఎంబసీ సైట్‌లో ఒకసారి చూసుకోండి. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి.

ఒకప్పుడు విమానంలో పెన్ను కోసం వెతుక్కుంటూ నింపిన చిన్న ఫారం స్థానంలో 2025 మే 1 నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డు వచ్చింది. టీడ్యాక్ అంటున్నారు. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. నింపాక వచ్చే క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌లో ఫోటోగా దాచుకోండి, వీలైతే ఒక ప్రింటు కూడా. ఇది పూర్తిగా ఉచితం. కానీ గూగుల్‌లో వెతికితే అచ్చం సర్కారు సైటులాగే ఉండి డబ్బు అడిగే సైట్లు తగుల్తాయి. అసలు సైటు వాళ్ళ ఇమిగ్రేషన్ శాఖది, చిరునామా చివర 'డాట్ గో డాట్ టీహెచ్' ఉంటుంది. అది లేకపోతే వెనక్కి వచ్చెయ్యండి. ఇంటిల్లిపాదికీ ఒకరే కూర్చుని నింపొచ్చు. పేర్లు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా తెలిసిందే కదా, ఏది ముందో ఏది వెనకో పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చూసి కొట్టండి.

ఇప్పుడు డబ్బు, ఫోన్. ఈ రెంటినీ కలిపి చెప్పడానికి కారణం ఓటీపీ. మన కార్డుతో అక్కడ ఏం చేసినా ఓటీపీ వచ్చేది ఇండియా నంబర్‌కే. దిగగానే కొత్త సిమ్ వేసుకోవాలని పాత సిమ్ తీసి పర్సులో పెట్టేస్తే ఆ మెసేజ్ ఎక్కడికి రావాలి? కాబట్టి ఇండియా సిమ్ ఫోన్‌లోనే ఉండాలి, దానికి రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకోవాలి, డేటా మాత్రం ఆపెయ్యాలి. నెట్ కోసం ఈ-సిమ్ అయితే ఇక్కడే కొని, వైఫై ఉండగానే ఎక్కించి పెట్టుకోవచ్చు. మీ ఫోన్‌లో ఈ-సిమ్ సదుపాయం లేకపోతే అరైవల్స్ హాల్లో ఏఐఎస్, ట్రూ కౌంటర్లు ఉంటాయి, పాస్‌పోర్టు చూసి టూరిస్ట్ సిమ్ ఇస్తారు. బయట కొంటే కొంచెం చౌక పడొచ్చు. కానీ బయటికి వెళ్ళడానికే కదా నెట్ కావాల్సింది! ఆ నూరో నూటయాభయ్యో రూపాయల తేడా కోసం కక్కుర్తి పడొద్దు.

గ్రాబ్, బోల్ట్ లాంటి టాక్సీ యాప్‌లు కూడా ఇక్కడే దించుకుని, నంబర్ నమోదు చేసి, కార్డు జోడించి పెట్టుకోండి. ఆ కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. 2020లో ఆర్బీఐ తెచ్చిన నియమం ప్రకారం కొత్త కార్డులు ఇండియాలో మాత్రమే పనిచేసేలా వస్తాయి, విదేశాల్లో వాడాలంటే మనమే బ్యాంకు యాప్‌లో ఆ మీట నొక్కాలి. ఇక్కడ టీ కొట్టుకి కూడా ఫోన్‌తోనే కట్టడం అలవాటైపోయి, అక్కడా అలాగే గడిచిపోతుందనే ధీమాతో వెళ్ళకండి. బ్యాంకాక్‌లో టాక్సీకి, టోల్‌కి, వీధి తిండికి నోట్లు కావాలి.

ఆ నోట్లు ఎక్కడ మార్చాలి? ఇక్కడే 1,500, 2,000 బాత్ కొనుక్కుని వెళ్ళండి, మొదటి పూటకి అది చాలు. ఒక బాత్ అంటే రెండున్నర రూపాయల పైమాటే. ధరలు చూసేటప్పుడు గబుక్కున మూడుతో గుణించేసుకుంటే ఎక్కువ ఖర్చు పెట్టకుండా ఉంటారు. మిగతా డబ్బు సువర్ణభూమి బేస్‌మెంట్‌లో మార్చుకోవచ్చు. సామాన్లు వచ్చే బెల్టుల దగ్గర, అరైవల్స్ హాల్లో మెరిసే కౌంటర్లకంటే కింద రైలు స్టేషన్ పక్కన ఉన్న సూపర్ రిచ్ లాంటి కౌంటర్లలో రేటు బాగుంటుంది. అదే భవనం, రెండు మూడు అంతస్తుల తేడా. అక్కడ రూపాయలకంటే డాలర్లకి మంచి రేటు వస్తుంది. అన్నీ వెయ్యి నోట్లే తీసుకోకుండా ఇరవైలు, వందలు అడగండి. ఏటీఎం అయితే విదేశీ కార్డుకి ప్రతిసారీ అక్కడి బ్యాంకే రుసుము కోసుకుంటుంది, మన బ్యాంకు కోత వేరే. తియ్యక తప్పకపోతే ఒకేసారి ఎక్కువ తీసుకోండి. "మీ సొమ్ముని రూపాయల్లోకి మార్చి చూపించమంటారా?" అని తెర మీద వస్తే వద్దు అనండి. ఆ మార్పిడి రేటు వాళ్ళిష్టం.

సరే, దిగారు. మన గడియారానికి గంటన్నర కలపండి. సువర్ణభూమిలో నడక ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు తోడుంటే టికెట్ కొన్నప్పుడే వీల్‌చెయిర్ అడిగి పెట్టుకోవడం మంచిది. 2023 సెప్టెంబర్‌లో పక్కన ఇంకో భవనం తెరిచారు. విమానం అక్కడ ఆగితే, డ్రైవర్ లేకుండా నడిచే చిన్న రైలెక్కి సొరంగంలోంచి ప్రధాన భవనానికి రావాలి. తెలియనివాళ్ళు "ఇదేంటి, రైలెక్కిస్తున్నారు?" అని కంగారుపడతారు. అందరితోపాటు ఎక్కెయ్యడమే. సామాను అటువైపే వస్తుంది.

ఇమిగ్రేషన్ లైన్లో నిలబడేటప్పటికి చేతిలో పాస్‌పోర్టు, క్యూఆర్ కోడ్, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోతే? అందుకే ప్రింటు తీసుకోమన్నది. వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. చాలామందిని ఏమీ అడగరు. అడిగితే ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు, ఖర్చుకి డబ్బు ఎంత తెచ్చారు అనే అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పండి. గుంపుగా వెళ్ళిన కుర్రాళ్ళు "హోటల్ పేరు మావాడికి తెలుసు, వాడు వెనకాల లైన్లో ఉన్నాడు" అంటే ఆఫీసర్ మొహంలో నవ్వు కనిపించదు. ప్రతి ఒక్కరి దగ్గరా అందరి బుకింగూ ఉండాలి.

కస్టమ్స్ గురించి రెండే ముక్కలు. మనిషికి ఒక లీటరు మందు, 200 సిగరెట్లు, అంతే. శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో నలుగురూ కొన్నవి ఒకడి సంచిలో వేసి మోయిస్తే అవి ఆ ఒకడివే అయిపోతాయి, జరిమానా కూడా వాడికే. ఎవరి సీసా వాళ్ళే మోసుకోండి. ఈ-సిగరెట్ మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి, ఆ దేశంలోకి తీసుకెళ్ళడమే నేరం. ఆవకాయ సీసా చేతి సంచిలో పెడితే మన సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది, పెద్ద పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టుకోండి. మందులు, వాటి చీటీ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చినా బీపీ మాత్ర ఆగకూడదు కదా.

అసలు పరీక్ష గాజు తలుపులు దాటి అరైవల్స్ హాల్లోకి వచ్చాక మొదలవుతుంది. అది రెండో అంతస్తు. చేతిలో లామినేషన్ చేసిన కార్డు పట్టుకుని, మంచి ఇంగ్లీషులో, కొన్నిసార్లు హిందీలో కూడా, "టాక్సీ? హోటల్? పటాయా?" అంటూ మనుషులు దగ్గరికొస్తారు. వాళ్ళందరూ మోసగాళ్ళని నేననను. కానీ అక్కడ చెప్పే రేటు మీటర్‌కి రెండింతలు, మూడింతలు ఉంటుంది. ఆగి మాట్లాడకుండా, తల అడ్డంగా ఊపి, లిఫ్టులో ఒకటో అంతస్తుకి దిగండి. అక్కడ బయట పబ్లిక్ టాక్సీ అని బోర్డు, వరసగా మెషిన్లు ఉంటాయి. బటన్ నొక్కితే చీటీ వస్తుంది. దాని మీద లేన్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ దగ్గర ఆగి ఉన్న కారే మీది. డ్రైవర్‌ని మీరు ఎంచుకోరు, మిమ్మల్ని డ్రైవర్ ఎంచుకోడు. ఆ పద్ధతిలో ఉన్న గొప్పతనమే అది. చీటీలో టాక్సీ వివరాలు ఉంటాయి. డ్రైవర్ అడిగినా ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి, ఏదైనా పేచీ వస్తే ఆధారం అదే.

మీటర్ 35 బాత్‌తో మొదలవుతుంది. చివర్లో దానికి ఎయిర్‌పోర్టు రుసుము 50 బాత్ కలపాలి. ఇది మోసం కాదు, రూలు. ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తే టోల్ కూడా మనదే, గేటు దగ్గర డ్రైవర్ చెయ్యి చాపితే చిల్లర అందించాలి. నగరం మధ్యకి మామూలుగా మూడు నాలుగు వందల బాత్ అవుతుంది, సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకొంచెం. కారెక్కాక మీటర్ వెయ్యకుండా "సిక్స్ హండ్రెడ్, ఓకే?" అంటే నవ్వుతూ "మీటర్ ప్లీజ్" అనండి. గొంతు పెంచితే ఆ దేశంలో పని చెడుతుంది. రెండోసారీ కాదంటే సామాను దించుకుని ఇంకో చీటీ తీసుకోండి. ఇద్దరు పిల్లలతో, అర్ధరాత్రి, ఒంట్లో ఓపిక లేనప్పుడు ఇదంతా ఎందుకనుకుంటే మాత్రం యాప్‌లో కారు పిలవండి. రేటు ముందే కనిపిస్తుంది, ఏ గేటు దగ్గరికి రావాలో యాపే చెప్తుంది. వంద బాత్ ఎక్కువైనా మనశ్శాంతికి అది చౌకే.

ఇద్దరే ఉండి సామాను తక్కువైతే నా ఓటు రైలుకే. బేస్‌మెంట్‌లో ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కితే చివరి స్టేషన్ ఫయా థాయ్‌కి అరగంట లోపే. ఎంత దూరం వెళ్ళినా 45 బాత్ దాటదు. పొద్దున ఐదున్నర నుంచి అర్ధరాత్రి దాకా తిరుగుతుంది. ఫయా థాయ్‌లో పైన తిరిగే బీటీఎస్‌లోకి, మక్కాసన్‌లో కింద తిరిగే ఎమ్మార్టీలోకి మారొచ్చు. మనవాళ్ళు ఎక్కువగా దిగే ప్రతునామ్ బట్టల మార్కెట్ వైపు అయితే రాచప్రారోప్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. కానీ ఆఫీసు వేళల్లో పెద్ద పెట్టెలతో ఎక్కాలని చూడకండి. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట్ మెట్రోలో బియ్యం బస్తాతో ఎక్కినట్టుంటుంది. నేరుగా పటాయా వెళ్ళేవాళ్ళకి ఒకటో అంతస్తులోనే బస్సు కౌంటర్ ఉంది, దాదాపు రెండు గంటల ప్రయాణం.

ఏ బండి ఎక్కినా హోటల్ చిరునామా థాయ్ లిపిలో, ఫోన్ నంబర్‌తో సహా, ఫోన్‌లో ఫోటోగా ఉండాలి. డ్రైవర్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు చదవలేరు, మనం పలికే థాయ్ పేర్లు వాళ్ళకి ఎక్కవు. హోటల్ వాళ్ళకి మెయిల్ పెడితే పంపిస్తారు. సుఖుంవిత్ అని ఒక్క మాట చెప్తే లాభం లేదు, అది మైళ్ళ పొడుగున్న రోడ్డు. సందుని 'సోయ్' అంటారు, దానికో నంబరు. ఒక వైపు బేసి, ఇంకో వైపు సరి. నంబరు చెప్తేనే ఇల్లు చేరేది.

తెల్లారి ఆరింటికి దిగితే ఇంకో సమస్య. హోటల్లో గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి. కుర్రాళ్ళయితే సామాను రిసెప్షన్‌లో పడేసి ఊరి మీద పడొచ్చు. ఆకలైతే ఎయిర్‌పోర్టు ఒకటో అంతస్తులో, ఎనిమిదో గేటు దగ్గర, అక్కడి ఉద్యోగులు తినే ఫుడ్ కోర్టు ఉంది. పై అంతస్తులతో పోలిస్తే ధర బాగా తక్కువ. కూపన్లు కొనుక్కుని తినడమే. కానీ పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉంటే ముందు రాత్రికి కూడా గది తీసుకోమంటాను. డబ్బు దండగ అనిపిస్తుంది గానీ, నిద్రలేని మనిషిని ఎనిమిది గంటలు సోఫాలో కూర్చోబెడితే ఆ ట్రిప్పంతా మూలుగే. అలా తీసుకుంటే తెల్లవారుజామున వస్తామని హోటల్‌కి ముందే రాయండి, లేకపోతే రాత్రికి రాలేదని గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

పోయిన డిసెంబర్లో మా పిన్నీ బాబాయీ వెళ్ళినప్పుడు ఇదంతా ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చా. అంతస్తు నంబర్లు, ఎక్కడ బటన్ నొక్కాలి, ఎవరితో మాట్లాడకూడదు, అన్నీ వరసగా. బాబాయికి కోపం వచ్చింది. "ఒరేయ్, ముప్పయ్యేళ్ళు ఆర్టీసీలో చేశాను. నాకు బండెక్కడం నేర్పిస్తావా?" అన్నారు. పిన్ని ఏమీ అనకుండా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. హోటల్‌కి చేరాక ఫోన్ చేసి, "మీటరు మూడొందల పది, ఆపైన యాభై, టోలు వేరే. ఆ చీటీ మీ బాబాయి ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నారు" అంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని పంపిస్తుంటే యాప్‌లు, లింకులు కాదు, అలాంటి కాగితం ఇవ్వండి. పెద్ద అక్షరాల్లో.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో తేడా వస్తే పోయేది నాలుగైదొందల బాత్. ఇక చెప్పేది అలాంటిది కాదు. నా వయసు వాళ్ళు, నాలాగే బీటెక్ చేసి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్ళు ఇది మాత్రం వదలకుండా చదవండి.

"బ్యాంకాక్‌లో జాబ్, డేటా ఎంట్రీ లేదా డిజిటల్ మార్కెటింగ్, టికెట్ మేమే పంపిస్తాం, ఎయిర్‌పోర్టుకి కారొస్తుంది" అని టెలిగ్రామ్‌లోనో, తెలిసిన ఏజెంటు ద్వారానో ఆఫర్ వస్తుంది. ఇలాంటి వాటి గురించి మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే హెచ్చరిక జారీ చేసింది. ఐటీ తెలిసిన కుర్రాళ్ళే వాళ్ళ గురి అని అందులో స్పష్టంగా ఉంది. జరిగేది ఏమిటంటే, సువర్ణభూమిలో టూరిస్టుగానే దిగుతారు. ఇమిగ్రేషన్ దాటాక ఒకడు పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడి ఉంటాడు. కారు నగరంలోకి వెళ్ళదు. ఏడెనిమిది గంటలు వాయవ్యంగా వెళ్ళి, తాక్ రాష్ట్రంలో బర్మా సరిహద్దు మీదున్న మే సోత్ చేరుతుంది. అక్కడ మోయ్ నది దాటిస్తే మ్యావడి. ఆ తర్వాత ఫోన్, పాస్‌పోర్టు లాక్కుంటారు, చుట్టూ కాపలా, రోజంతా ఆన్‌లైన్‌లో జనాన్ని మోసం చేసే పని. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు రెండు రోజుల్లో మే సోత్ నుంచి 283, 266, మొత్తం 549 మంది భారతీయుల్ని వెనక్కి తీసుకొచ్చాయి. వాళ్ళలో తెలుగు కుర్రాళ్ళు కూడా ఉన్నారు.

కాబట్టి ఉద్యోగం పేరుతో వెళ్తుంటే ఇంట్లో చూసుకోవాల్సినవి వేరే. వీసా లేకుండా వెళ్ళి అక్కడ ఉద్యోగం చెయ్యడం చట్టవిరుద్ధం. పనికి వెళ్ళేవాడికి బిజినెస్ వీసా, వర్క్ పర్మిట్ ఉండాలి. "ముందు టూరిస్టుగా రండి, తర్వాత మారుస్తాం" అన్నారంటే అక్కడితో మాటలు ఆపెయ్యండి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి. ఇంటర్వ్యూలో టైపింగ్ వేగం తప్ప ఏమీ అడగకుండా జీతం మాత్రం లక్షల్లో చెప్పారంటే, మన విద్యకి అంత ధర ఎవడిస్తున్నాడు, ఎందుకిస్తున్నాడు అని ఒక్క పూట ఆలోచించండి.

అప్పటికే టికెట్ తీసుకుని దిగిపోయి, మనసు పీకుతోందా? ఎయిర్‌పోర్టు భవనం దాటకండి. లోపల ఉన్నంతసేపూ చుట్టూ పోలీసులు, కెమెరాలు, వేలమంది మనుషులు ఉంటారు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి, "రిజిస్ట్రేషన్‌కి" అన్నా సరే. టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. మన ఎంబసీ సుఖుంవిత్ సోయ్ 23లో ఉంది, దాని అత్యవసర నంబర్ ఎంబసీ సైట్ నుంచి బయల్దేరే ముందే కాగితం మీద రాసుకోండి. కారు ఎక్కేశాక అనుమానం వస్తే మ్యాప్ చూడండి. సువర్ణభూమి నుంచి ఊరి మధ్యకి ముప్పై కిలోమీటర్లు. గంట దాటినా నగరం వెనక్కి వెళ్ళిపోతూనే ఉంటే, ఉన్న చోటుని ఇంటికి పంపించి, బండి పెట్రోల్ బంకులో ఆగినప్పుడు దిగి జనంలోకి వెళ్ళిపోండి, 1155కి ఫోన్ చెయ్యండి. సామాను సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వచ్చే వారం తిరుగు ప్రయాణం. షాపింగ్ మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవడం, దానికి పెట్టె అప్పగించే ముందే చెయ్యాల్సిన పని, ఇమిగ్రేషన్ దాటాక కనిపించే సముద్ర మథనం బొమ్మ. దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు, మధ్యలో వాసుకి. అక్కడ ఫోటో దిగాలంటే ఓ పది నిమిషాలు ముందే వెళ్ళండి, లైనుంటుంది.